ఊట గుహల్లో జోడీగా డైవింగ్: గోదావరి డెల్టా వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమ. ఉద్యోగరీత్యా అమెరికా వెళ్ళాక ఫ్లోరిడాలోని మంచినీటి ఊటల్లో గుహ డైవింగ్ నేర్చుకున్నాను. నా జోడీ మా బావగారు, ఆయనది రాజోలు. సెలవులకి ఊరొచ్చినప్పుడు కాలువ గట్టు మీదా పెళ్ళి పందిట్లోనూ మమ్మల్ని అడిగే ప్రశ్నలే ఇవి. అడిగేవాళ్ళలో చాలామందికి ఈత బాగా వచ్చు. కొందరి పిల్లలు అక్కడే చదువుకుంటున్నారు, వారాంతాల్లో ఈ ఊటలకి వెళ్తున్నారు. అందుకే ఓపిగ్గా, వివరంగా రాస్తున్నాను.

ఊట గుహ అంటే ఏమిటండీ? మన గోదావరి దగ్గర ఉన్నాయా?

మన డెల్టాలో లేవు, ఉండే వీలు కూడా లేదు. ధవళేశ్వరం దిగువన మన కాళ్ళ కింద ఉన్నదంతా గోదావరి వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక. అందులో చెలమ తవ్వితే నీరు ఊరుతుంది గానీ సొరంగం నిలబడదు, కూలిపోతుంది. గుహ ఏర్పడాలంటే సున్నపురాయి లాంటి కరిగే రాయి కావాలి. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకొని కాస్త ఆమ్లంగా మారుతుంది. అది రాతి పగుళ్ళలోకి దిగి కొంచెం కొంచెంగా రాయిని కరిగిస్తుంది. ఎన్నో వేల ఏళ్ళకి ఆ పగుళ్ళే మనిషి పట్టేంత దారులవుతాయి. మన తెలుగు నేల మీద బెలుం, బొర్రా గుహలు అలా సున్నపురాయి కరిగి వచ్చినవే. ఇక ఊట నీరు ఎంత తేటగా ఉంటుందో మహానంది కోనేరు చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఉత్తర ఫ్లోరిడాలో ఈ రెండూ ఒకచోట కలిశాయి. నేల కింద సున్నపురాయి, అందులో నిండా నీళ్ళు. ఆ నీరు గుహ నోట్లోంచి పొంగుకొచ్చి పక్కనున్న నదిలో కలుస్తుంది. హై స్ప్రింగ్స్ ఊరి దగ్గర శాంటా ఫే నది ఒడ్డున ఉన్న జిన్నీ స్ప్రింగ్స్ వీటిలో బాగా పేరున్నది. ఎండాకాలమైనా చలికాలమైనా నీరు దాదాపు 22 డిగ్రీలే. మెక్సికోలో యుకటాన్ వైపు నీటి గుహలు ఇంకా పెద్దవి. అక్కడ రెండు గుహలు లోపల కలిసే ఉన్నాయని 2018లో డైవర్లు కనిపెట్టారు. కలిపి కొలిస్తే సుమారు 347 కిలోమీటర్లు తేలింది.

చిన్నప్పటి నుంచీ గోదావరిలో ఈదుతున్నాం. ఆ ఈత సరిపోదా?

నీళ్ళంటే భయం లేకపోవడం మంచిదే, అందులో సందేహం లేదు. కానీ మన ఈత అంతా ఒకే నమ్మకం మీద నడుస్తుంది. ఇబ్బందయితే పైకి లేచి గాలి పీల్చుకోవచ్చు అన్న నమ్మకం అది. గుహలో పైన ఉండేది రాయి. బయటికి దారి వెనక్కి, వచ్చిన దారినే, ఎంత దూరం వచ్చారో అంత దూరమూ వెళ్ళాలి. భయపడ్డ మనిషి ఒళ్ళు పైకే పోతుంది, మోచేతులు కొట్టుకుంటాయి, కాళ్ళు బురద రేపుతాయి. బాగా ఈదేవాళ్ళకి ఆ అలవాటు ఇంకా బలంగా ఉంటుంది.

మరో సంగతి. మునక వేసేటప్పుడు ఊపిరి బిగపట్టడం మనకి పుట్టుకతో వచ్చినంత సహజం. స్కూబాలో, అంటే వీపు మీద గాలి సిలిండర్‌తో చేసే డైవింగ్‌లో, అది ప్రాణాంతకం. లోతులో పీల్చిన గాలి పైకి వస్తున్నకొద్దీ ఉబ్బుతుంది. ఊపిరి బిగపడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. కాబట్టి ఒక మంచి అలవాటుని వదులుకోవడంతోనే ఈ చదువు మొదలవుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది వేగం కాదు. నీళ్ళ మధ్యలో పైకీ కిందకీ కదలకుండా, చేతులు ఆడించకుండా, నిమ్మళంగా ఊపిరి తీసుకుంటూ ఉండగలరా అన్నది.

స్కూబా సర్టిఫికెట్ ఉంది. గుమ్మంలోంచి కాస్త లోపలికి వెళ్ళి వచ్చేస్తే తప్పేంటి?

ఈ ప్రశ్నకి మెత్తగా జవాబు చెప్పలేను. వెళ్ళకండి. ఫ్లోరిడా గుహల నోటి దగ్గర పుర్రె మొహంతో కొడవలి పట్టుకున్న మృత్యువు బొమ్మ ఉన్న బోర్డు కనిపిస్తుంది. ఇంతకు మించి ముందుకు పోవద్దని దాని మీద రాసి ఉంటుంది. ఆ బోర్డుల వెనక ఎన్నో కుటుంబాల దుఃఖం ఉంది.

1970లలో షెక్ ఎక్స్‌లీ అనే అమెరికన్ డైవర్ గుహల్లో జరిగిన మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. ప్రధానంగా మూడు కారణాలే మళ్ళీ మళ్ళీ కనిపించాయి. బయటి నుంచి లోపలిదాకా తెగకుండా తాడు వేసుకోకపోవడం, తిరుగు ప్రయాణానికి సరిపడా గాలి మిగుల్చుకోకపోవడం, మరీ లోతుకి వెళ్ళడం. తర్వాత వీటికి శిక్షణ, లైట్లు కూడా చేరి ఐదు నియమాలయ్యాయి. ప్రపంచంలో ఎక్కడ గుహ డైవింగ్ నేర్పినా ఈ ఐదూ చెప్పకుండా మొదలుపెట్టరు. ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని జకటోన్ అనే నీటి బిలంలో, చాలా లోతుకి వెళ్ళే ప్రయత్నంలోనే చనిపోయాడు. అంతటివాడికీ లోతు మినహాయింపు ఇవ్వలేదు.

బయటి నీళ్ళలో శిక్షకులుగా పనిచేసినవాళ్ళు కూడా గుహల్లో చనిపోయారు. వాళ్ళకి డైవింగ్ రాక కాదు, గుహ రాక. సరదాగా చూడాలని ఉంటే జిన్నీ స్ప్రింగ్స్‌లోనే బాల్‌రూమ్ అనే పెద్ద గది ఉంది. దాని చివర దారికి ఇనుప చట్రం బిగించేశారు, లోపలికి పోలేరు. మామూలు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు అక్కడ చూసి రావచ్చు.

శిక్షణ ఏ వరుసలో తీసుకోవాలి?

ముందు మామూలు స్కూబా. దానికి విశాఖపట్నం రుషికొండ దగ్గరే అవకాశం ఉంది, అండమాన్, పుదుచ్చేరి కూడా ఉన్నాయి. సముద్రంలో బాగా డైవ్‌లు చేసి, కదలకుండా తేలి ఉండడం ఒంటికి పట్టాక గుహ సంగతి ఆలోచించండి. గుహ శిక్షణలో మొదటి మెట్టు, పగటి వెలుగు కనిపించేంత మేర మాత్రమే వెళ్ళడం. రెండో మెట్టు, చీకట్లో ఒకే తాడు వెంట కొంత దూరం. మూడోది పూర్తి గుహ. ఈ మూడింటినీ ఒకే సెలవులో ముగించేయాలని తొందరపడేవాళ్ళని చూస్తే నాకు భయం. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆ స్థాయిలోనే తిరగాలి.

జోడీ ఎందుకు? ఒక్కడే వెళ్తే బురద తక్కువ, గొడవ తక్కువ కదా?

ఒక్కడే వెళ్ళే అనుభవజ్ఞులు ఉన్నారు. ఆ దారి మీకు వద్దు. గుహలో జోడీ అంటే తోడు వచ్చిన స్నేహితుడు మాత్రమే కాదు. మీ సిలిండర్‌లో గాలి పోతే మీరు పీల్చాల్సిన గాలి ఆయన వీపు మీద ఉంది. మీ లైటు ఆరితే వెలుగు ఆయన చేతిలో ఉంది. మీకు కనబడని మీ వెనక వైపు ఆయనకి కనబడుతుంది. వాల్వు దగ్గర బుడగలు లేస్తున్నాయా, గొట్టం ఎక్కడైనా చిక్కుకుందా అన్నది ఆయనే చెప్పాలి. అందుకే దిగే ముందు లోతు లేని నీళ్ళలో ఒకరి సామాను ఒకరు తాకి చూసుకుంటారు. ప్రతి వాల్వూ తెరిచి ఉందా, ప్రతి రెగ్యులేటరూ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) పనిచేస్తోందా, గాలి ఎంత ఉంది, ఎంత గాలి మిగిలినప్పుడు వెనక్కి తిరగాలి, ఇవన్నీ పైకి చెప్పుకుంటారు. మాకు ఎన్నేళ్ళయినా ఇది ఒక్కసారి కూడా మానకూడదన్నది నియమం.

లోపలికి వెళ్ళేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. బయటికి వచ్చేటప్పుడు మామూలుగా ముందున్నవారే చివర వస్తారు. ముందున్నవారు వెనకవారి లైటు వెలుగు తన పక్కన పడుతోందా అని చూసుకుంటూ ఉండాలి. వెలుగు కనబడకపోతే ఆగాలి.

జోడీగా ఎవరిని ఎంచుకోవాలి? అన్నదమ్ములు, బావాబావమరుదులు వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, మేము వెళ్తున్నాం. కానీ మన గోదావరి వాళ్ళకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. దాని పేరు మొహమాటం. పెద్దాయన ముందుకి వెళ్దామంటే కాదనలేం. ఇంత ఖర్చు పెట్టి వచ్చాం, నా వల్ల ఆయన డైవ్ చెడిపోతుందేమో అనుకుంటాం. చెవి నొప్పి ఉన్నా "పర్లేదండీ" అనేస్తాం. భోజనాల దగ్గర ఆ మర్యాద అందమే. గుహలో మాత్రం మనిషిని చంపుతుంది.

గుహ డైవర్లకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా, కారణం లేకపోయినా, బొటనవేలు పైకెత్తి చూపితే డైవ్ అక్కడితో ముగిసినట్టే. రెండోవాళ్ళు అదే సైగతో బదులిచ్చి వెనక్కి తిరగాలి. ఎందుకని నీళ్ళలో అడగరు, బయటికొచ్చాక దెప్పరు. వయసూ వరసా అనుభవమూ ఇందులో లెక్క కాదు. మా బావగారు నాకంటే పెద్దవారు. మొదట్లోనే ఆయన నాతో అన్నమాట ఇది: "నువ్వు బొటనవేలు ఎత్తితే నాకు సంతోషం రా. ఎత్తకుండా భరిస్తే మాత్రం ఇంకెప్పుడూ నీతో దిగను." ఈ మాట మనస్ఫూర్తిగా అనగలిగిన మనిషి దొరికితే ఆయనే మీ జోడీ. ఎంత బాగా డైవ్ చేసినా, నువ్వు భయపడ్డావని నలుగురిలో నవ్వే మనిషి అయితే వద్దు.

భార్యాభర్తలు వెళ్తే? అదీ జరుగుతుంది. అవతలివారికి ఏదైనా అయితే మీరు నియమం తప్పకుండా ఉండగలరా అని ముందే కూర్చుని మాట్లాడుకోండి.

గాలి లెక్క ఎలా వేస్తారు?

మూడు వంతుల నియమం. ఉన్న గాలిలో ఒక వంతు లోపలికి, ఒక వంతు బయటికి, ఒక వంతు ఆపదకి. ఆపద వంతు ముఖ్యంగా జోడీ కోసం. అత్యంత దూరంలో ఉన్నప్పుడు అవతలివారి గాలి మొత్తం పోతే, మీ దగ్గరున్న రెండు వంతులతో ఇద్దరూ బయటపడాలి.

ఉదాహరణకి ఇద్దరికీ ఒకే సైజు సిలిండర్లు, ఇద్దరివీ 200 బార్ (బార్ అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడికి కొలత). మూడో వంతు 66 చిల్లర. తగ్గించి 60 అనుకుంటాం. ఆ ఒత్తిడి చూపే గేజ్ ఎవరిది ముందుగా 140కి వస్తే వాళ్ళు సైగ చేస్తారు, ఇద్దరూ తిరుగుతారు. ఒకరికి 180 బారే ఉంటే ఆయన మూడో వంతు 60. కాబట్టి ఇద్దరికీ 60 బారే ఖర్చు.

సిలిండర్ల సైజులు వేరైతే బార్లు పోల్చకూడదు, లీటర్లు పోల్చాలి. ఒకరికి జంట సిలిండర్లు కలిపి 24 లీటర్లు, 200 బార్, అంటే 4800 లీటర్ల గాలి. మరొకరికి 16 లీటర్లు, 200 బార్, అంటే 3200 లీటర్లు. చిన్న సెట్టులో మూడో వంతు 1066 లీటర్లు. పెద్ద సెట్టు ఆయన కూడా లోపలికి అంతకంటే ఎక్కువ పీల్చకూడదు. ఆయన సెట్టులో అది 44 బార్, తగ్గించి 40. ఎందుకంటే ఆయన గాలి పోయిన రోజున చిన్న సెట్టులోని ఆపద వంతే ఆయన్ని బయటికి తేవాలి.

లోతు కూడా గాలిని తింటుంది. పైన ఒక నిమిషానికి పీల్చేంత గాలి, 20 మీటర్ల దగ్గర మూడింతలు ఖర్చవుతుంది, 30 మీటర్ల దగ్గర నాలుగింతలు. టెన్షన్ పడితే అది ఇంకా పెరుగుతుంది. అందుకే మూడో వంతు అన్నది పై హద్దు. కొత్త గుహ, కొత్త జోడీ, కొత్త సామాను ఉన్నప్పుడు అంతకంటే ముందే తిరగడం తెలివైన పని.

ఊట దగ్గర ఒక వరం ఉంది. నీరు బయటికి తోస్తుంది కాబట్టి వెళ్ళేటప్పుడు కష్టం, వచ్చేటప్పుడు సులువు. నీరు లోపలికి లాగే బిలాలు కూడా ఉంటాయి. అక్కడ ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది, మూడు వంతుల నియమం చాలదు. ఏటి ఒరవడి తెలిసిన మనవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

నీళ్ళు అద్దంలా ఉంటాయంటున్నారు. మరి తాడు ఎందుకు?

అడుగున మెత్తటి ఒండ్రు పేరుకుని ఉంటుంది. ఒక్కసారి కాలికి తొడిగిన ఫిన్ తగిలితే అది లేస్తుంది, చేతిలో గేజ్ కూడా కనబడదు. పైకప్పుకి అంటుకున్న మట్టి మన బుడగలు తగిలి రాలుతుంది. ఊట ఒరవడి బాగా ఉన్నచోట త్వరగా కొట్టుకుపోతుంది గానీ, నీరు కదలని పక్కదారుల్లో గంటలకొద్దీ అలాగే ఉంటుంది. అందుకని కాళ్ళు పైకీ కిందకీ కొట్టరు, మోకాళ్ళు మడిచి కప్పలా పక్కలకి తోస్తారు.

తాడు మొదటి ముడి గుహ బయట, నేరుగా పైకి లేవగలిగే చోట వేస్తారు. రెండో ముడి నోటి లోపల. అక్కడి నుంచి తెగకుండా లోపలిదాకా. చాలా గుహల్లో లోపల శాశ్వతంగా తాడు వేసి ఉంటుంది, మన రీలుకి (చేత్తో పట్టుకునే చక్రం) చుట్టిన తాడు దానికి కలుపుతాం. తాడు మీద ప్లాస్టిక్ బాణం గుర్తులు ఉంటాయి, అవి దగ్గరలో ఉన్న బయటి దారిని చూపిస్తాయి. చీకట్లో వేళ్ళతో తడిమినా ఏ వైపో తెలుస్తుంది. ఏమీ కనబడనప్పుడు ఒకరు తాడుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంగరంలా పట్టుకుంటారు, రెండోవాళ్ళు ముందున్నవారి చేయో కాలో పట్టుకుంటారు. ముందుకు తోస్తే వెళ్ళమని, వెనక్కి లాగితే వెనక్కి రమ్మని. మాటలుండవు.

లైట్లు ఎన్ని?

మనిషికి మూడు. ఒకటి పెద్దది, రెండు అత్యవసరానికి. ఒకటి పాడైతే డైవ్ ముగిసినట్టే, మిగతా రెండూ బయటికి రావడానికే. వెలుగుతోనే మాట్లాడుకుంటారు కూడా. గోడ మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే బాగున్నాను అని, నెమ్మదిగా అటూ ఇటూ ఊపితే ఇటు చూడమని, గబగబా ఊపితే ఆపద అని.

లోపల నా గాలి ఆగిపోతే?

జోడీ నోట్లో ఉన్న రెగ్యులేటరే మీకు ఇస్తారు. అది పనిచేస్తోందని ఖాయంగా తెలుసు కాబట్టి. ఆయన తన మెడ కింద వేలాడే రెండోదాన్ని నోట్లో పెట్టుకుంటారు. మీకిచ్చిన దాని గొట్టం రెండు మీటర్లకు కొంచెం పైనే పొడవుంటుంది. ఇరుకు దారిలో పక్కపక్కనే ఈదలేరు కాబట్టి, గాలి లేనివారు ముందు, ఇచ్చినవారు వెనక, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళడానికే ఆ పొడవు. ఈ పనిని ప్రతి డైవ్ ముందూ ఒకసారి చేసి చూసుకోవాలి.

జోడీ కనిపించకుండా పోతే ఏం చేయాలి?

ముందు ఆగండి. మీ లైటు అరచేత్తో మూసి చీకట్లో చుట్టూ చూడండి, ఆయన వెలుగు మెరుస్తుందేమో. కనబడకపోతే గేజ్ చూసి, వెతకడానికి ఎంత గాలి ఖర్చు పెట్టగలరో అక్కడే తేల్చుకోండి. మీరు బయటికి వెళ్ళడానికి కావలసింది అందులోంచి తీయకూడదు. ఆయన్ని చివరిసారి చూసిన చోటు వైపు తాడు వెంట వెళ్ళండి. తాడు వదిలి వెతకాల్సి వస్తే, ఉన్న తాడు మీద బయటి వైపు చూపే బాణం పెట్టి, మీ దగ్గరున్న చిన్న రీలు తాడుని దానికి కట్టి, దాన్ని వదలకుండా వెతకండి.

లెక్క వేసిన గాలి అయిపోతే వెనక్కి రావాలి. ఇది రాయడానికే చేతులు ఆడవు. అయినా రాస్తున్నాను. ఆ గీత దాటితే పైనున్నవాళ్ళు ఒకరి కోసం కాక ఇద్దరి కోసం దిగాలి. మీరు పెట్టిన బాణం, మీరు వదిలిన తాడు చూసుకుని ఆయన తనంతట తాను బయటికి వచ్చే అవకాశం ఇంకా ఉంటుంది. మేమిద్దరం దీని గురించి స్పష్టంగా మాట్లాడుకున్నాం. మా అక్కకి కూడా చెప్పాం.

గోదావరిలో గల్లంతైనవాళ్ళని వెతకడానికి ఈ విద్య పనికొస్తుందా?

నేరుగా కాదు. థాయ్‌లాండ్‌లో 2018లో థామ్ లువాంగ్ గుహలో చిక్కుకున్న 12 మంది పిల్లల్నీ వాళ్ళ కోచ్‌నీ బయటికి తెచ్చింది గుహ డైవర్లే, నిజమే. కానీ ఆ పనిలో థాయ్ నౌకాదళంలో పనిచేసిన సమన్ కునాన్, లోపల గాలి సిలిండర్లు పెట్టి వస్తూ చనిపోయాడు. మనవైపు కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న మునిగిన బోటుని అక్టోబరు 22న బయటికి లాగారు. వరద గోదావరిలో కళ్ళు పనిచేయవు, చేతి స్పర్శే చూపు. ఆ పని చేసే మన గజ ఈతగాళ్ళకి నది స్వభావం తెలుసు. ఊట గుహలో నేర్చుకున్నవాడు ఆ ఎర్రనీటిలో కొత్తవాడే.

జలుబు, విమానం సంగతి?

జలుబు, సైనస్ ఉంటే దిగకండి, చెవులు సర్దుకోవు. డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. లోతుగా, ఎక్కువసేపు ఉండి పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగాల్సిన డైవ్‌లైతే ఇంకా ఎక్కువ. మేము ఒక రోజు పూర్తిగా ఖాళీ పెట్టుకుంటాం.

మన కాలువల్లో, బావుల్లో ప్రాక్టీస్ చేయొచ్చా?

వద్దు. లాకులు, తూములు, షట్టర్ల దగ్గర అసలు వద్దు. అటూ ఇటూ నీటిమట్టంలో రెండు మీటర్ల తేడా ఉంటే, అడుగు చదరం రంధ్రం దగ్గర 180 కిలోలకు పైనే బలంతో నీరు మనిషిని అదిమేస్తుంది. పైనుంచి చూస్తే నీరు కదలనట్టే ఉంటుంది, దగ్గరికి వెళ్ళాక విడిపించుకోలేరు. పాత బావుల్లో నీటి పైన ఊపిరాడని గాలి నిలిచి ఉంటుంది. ఒకరు దిగి పడిపోవడం, కాపాడడానికి ఇంకొకరు దిగడం, ఈ వార్త మనం ఎన్నిసార్లు చదవలేదు.

నీళ్ళు లేకుండా చేసే ప్రాక్టీస్ ఒకటి ఉంది, అది నిజంగా పనికొస్తుంది. గుహ శిక్షణలో కూడా ముందు నేల మీద చెట్ల మధ్యే నేర్పుతారు. మనకి కొబ్బరి తోటలకి కొదవ లేదు. సన్నటి నైలాన్ తాడు తీసుకుని చెట్టు నుంచి చెట్టుకి, మోకాలి ఎత్తులో ఒకచోట, ఛాతీ ఎత్తులో ఒకచోట, బిగువుగా చుట్టుకుంటూ వెళ్ళండి. మధ్యలో బోదె దాటేలా చూడండి, కాళ్ళ కింద మట్ట తగిలేలా చూడండి. ఇప్పుడు ఇద్దరూ కళ్ళకి గంతలు కట్టుకోండి. ఒకరు తాడు పట్టుకోవాలి, రెండోవారు ఆయన మోచేయి. మాట్లాడకూడదు. మొదటి చెట్టుదాకా రండి. తర్వాత స్థానాలు మార్చుకోండి. మూడోసారి, ఇంకొకరిని పిలిచి మిమ్మల్ని తాడుకి నాలుగు అడుగుల దూరంలో నిలబెట్టి తిప్పేయమనండి. జేబులో ఉన్న చిన్న తాడుని దగ్గరి చెట్టుకి కట్టి, దాన్ని వదలకుండా పెద్ద తాడు వెతుక్కోండి. తొందరపడేవాళ్ళకి అది దొరకదు. ఎవరు తొందరపడతారో, ఎవరు ఆగి ఆలోచిస్తారో, ఎవరు జోడీ చేయి వదిలేస్తారో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది.